స్నేహమును అడిగిన కాపరి: బిషప్ అజరయ్యగారి జీవితము

సంక్రాంతి దాటినది మొదలు మా ఆర్మూరు ప్రాంతమంతయు పసుపు వాసనతో నిండియుండును. ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో పెరిగిన దుంపను త్రవ్వి, ఉడికించి, కళ్లములో రెండు మూడు వారములు ఎండబెట్టి, పాలిష్ పట్టి, సంచులకెత్తి రైతు నిజామాబాదు మార్కెట్టు యార్డుకు తీసికొనిపోవును. కొందరు మహారాష్ట్రలోని సాంగ్లీ వరకు పోవుదురు. అక్కడ కొనువాడు సంచిలో చెయ్యి పెట్టి ఒక కొమ్మును తీసి, విరిచి, లోపలి రంగు చూచును. పైతోలు చూచి ఎవ్వరును ధర చెప్పరు. విరిచిన కొమ్మును వ్యాపారి చూచుచుండగా, వ్యాపారి ముఖమును రైతు చూచుచుండును. ఒకరినొకరు పూర్తిగా నమ్మని ఇద్దరి మధ్య ఏటేట ఇంత సరకు చేతులు మారుట ఒక విధముగా ఆశ్చర్యమే.

ఆ మాత్రపు నమ్మకము కూడ తెగినయెడల ఏమగునో మా ప్రాంతమువారు చూచియున్నారు. 2019 లోకసభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది పోటీ చేసిరి. వారిలో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. గెలువవలెనని వారు నిలువలేదు. తమ మాట వినువారు లేరని లోకమునకు తెలుపుటకు నిలిచిరి. ఓటు యంత్రములను వరుసగా పేర్చవలసివచ్చినది. మాట వినబడనివారు చివరకు ఏదో ఒక విధముగా వినబడుదురని మేము ఆనాడు అనుకొంటిమి.

ఈ శతవార్షిక సంచికకు ఒక దైవజనుని జీవితము వ్రాయుడని సంపాదక సంఘమువారు కోరినప్పుడు మా మనస్సునకు వెంటనే తోచిన పేరు బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారిది. ఆయన పేరు వినని క్రైస్తవ కుటుంబము తెలుగునాట అరుదు. అయితే మొదటి భారతీయ బిషప్పు అను ఒక్క మాటతో ఆయన జీవితమును ముగించివేయుట మనకు అలవాటైపోయినది. అది ఆయనకు దక్కిన గౌరవము మాత్రమే. ఆయన జీవితమంతయు మరియొక ప్రశ్న చుట్టు తిరిగినదని మా అభిప్రాయము. ఒక గుంపువారు మరియొక గుంపువారికి ఎంత మేలు చేసినను వారి మధ్య స్నేహము లేకపోయినయెడల ఆ మేలు ఏమగును అనునదే ఆ ప్రశ్న.

ఆయన 1874 ఆగష్టు 17న తిరునల్వేలి జిల్లాలోని వెళ్లాళన్‌విళై అను పల్లెలో జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయగంగారు ఆ ఊరి గురువు. తల్లి పేరు ఎల్లెన్. ఒక కుమార్తె పుట్టిన తరువాత చాల ఏండ్లు సంతానము లేక, హన్నావలె ప్రార్థించి పొందిన కుమారుడు గనుక శామ్యూల్ అని పేరు పెట్టిరి. వారిది నాడార్ల కులము. తాటిచెట్లు గీయు వృత్తి ఆ కులములో అధికము. పైకులములవారు నాడార్లను గుడి వాకిలి దాటనిచ్చెడివారు కారు. నాడార్లు తమకంటె క్రిందివారిని అదేవిధముగా దూరముంచెడివారు. మన పల్లెలెరిగినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. దెబ్బ తిన్న చెయ్యియే ఇంకొకరిని కొట్టుట మనకు నిత్యము కనబడునదే.

చదువుకొను రోజులలోనే తండ్రి మరణించిరి. మేఘ్ఞానపురములోను, తిరునల్వేలిలోను, తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలోను ఆయన చదివిరి. తుది పరీక్షల సమయములో జబ్బుపడి పట్టము పుచ్చుకొనలేకపోయిరి. తరువాత 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టమిచ్చెను గాని, పరీక్ష వ్రాసి పొందవలసిన పట్టము మాత్రము ఆయనకు లేదు. పరీక్ష తప్పిన బిడ్డలను ఓదార్చుటకు మేము ఈ సంగతి పలుమారులు వాడుకొంటిమి.

1895లో ఆయన వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణ దేశమంతయు తిరిగిరి. ఆ తిరుగుటలోనే షెర్వుడ్ ఎడ్డి అను అమెరికా యువకుడు ఆయనకు తోడాయెను. ఇద్దరును కలిసి ప్రయాణము చేసిరి, కలిసి ప్రార్థించిరి, పల్లెలలో కలిసి పనిచేసిరి. తెల్లవారికిని మనవారికిని మధ్య నిజమైన స్నేహము సాధ్యమని అజరయ్యగారు ఎరిగినది పుస్తకములో చదివి కాదు, ఒక మనుష్యునివలన. ఆ స్నేహము ఎంత అరుదైనదో కూడ ఆ తిరుగుటలోనే తెలిసినది.

1898లో ఆయనకు అన్బు మరియమ్మాళ్‌గారితో వివాహమాయెను. తమిళములో అన్బు అనగా ప్రేమ. దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల చదువు చదివిన మొదటివారిలో ఆమె ఒకరు. కట్నము లేదు, ఆడంబరము లేదు. ఇది జరిగి 120 ఏండ్లు దాటినది. మన సంఘములలో ఈనాడు జరుగు వివాహముల ఖర్చును చూచుచు ఈ వాక్యము వ్రాయుట మాకు కొంచెము కష్టముగా నున్నది. అంతటితో విడిచెదము.

1902లో ఆయన సింహళములోని యాఫ్నాకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవ యువకులు తమ ధనముతో తమవారినే పరదేశమునకు సువార్తకొరకు పంపుట చూచి సిగ్గుపడి తిరిగివచ్చిరి. తిరునల్వేలిలో అన్ని వేల క్రైస్తవులుండియు అట్టి పని ఎందుకు లేదని అడిగిరి. దాని ఫలముగా 1903 ఫిబ్రవరి 12న తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటి పుట్టెను. తమిళ సంఘముల కానుకలు, తమిళ సేవకులు. వారు ఎన్నుకొన్న పొలము మాత్రము తెలుగు దేశము, నిజాము రాజ్యములోని డోర్నకల్. రెండేండ్ల తరువాత, 1905 క్రిస్మస్ దినమున, శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటి స్థాపింపబడినప్పుడును ఆయన ముందు వరుసలోనే ఉండిరి.

ఇతరులను పంపి తాను వెనుక నిలుచుట ఆయనకు నచ్చలేదు. 1909లో వై.ఎం.సి.ఎ. పెద్ద పదవిని విడిచి, గురువుగా అభిషేకము పొంది, భార్యాపిల్లలతో డోర్నకల్ చేరిరి. అప్పటి డోర్నకల్ అనగా సింగరేణి బొగ్గుగనుల వైపు రైలు చీలు ఒక జంక్షను, చుట్టును అడవి. మొదట కాపురము గుడారములో. ముప్పది అయిదేండ్ల వయస్సులో ఆయన తెలుగు అక్షరములు దిద్దుకొనిరి. తమిళమునకు తెలుగు చెల్లెలు వంటిదే అని మనము సులభముగా చెప్పవచ్చును గాని, మనకు చెల్లెలు మాట అర్థము కావలెనన్నను చెవి యొగ్గి కూర్చుండవలసినదే. పల్లెలోని కూలివారు నవ్వుచుండగా తప్పులు మాటలాడి నేర్చుకొన్న భాష అది. బోధించుటకు వచ్చినవాడు మొదట వారియొద్ద శిష్యుడాయెను.

ఇక ఎడిన్‌బరో సభ సంగతి. వేదాంత కళాశాలలో దీనిని మేము పరీక్షకొరకు చదివితిమి. తేదీలు వ్రాసితిమి, మార్కులు వచ్చినవి, మరచితిమి. 1910 జూన్ 14 నుండి 23 వరకు స్కాట్లండులోని ఎడిన్‌బరో పట్టణములో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. ప్రతినిధులు దాదాపు 1,200 మంది. ఆసియా దేశపు సంఘములనుండి వచ్చినవారు ఇరవైమందిలోపే. మిషనరీలకును దేశీయ సేవకులకును మధ్య సహకారమును గూర్చి మాటలాడుటకు అజరయ్యగారిని పిలిచిరి. పిలిచినవారు కృతజ్ఞతా వచనములను ఎదురుచూచియుందురు.

ఆయన కృతజ్ఞత చెప్పిరి. అది పైపై మాట కాదు. దేశము విడిచి, ఆరోగ్యము పోగొట్టుకొని, ప్రాణములిచ్చిన మిషనరీల త్యాగమును భారత సంఘము ఎన్నటికిని మరువదని చెప్పిరి. ఆ తరువాత అసలు సంగతికి వచ్చిరి. ఇరువురి మధ్య ఉండవలసిన సంబంధము లేదనిరి. కొందరు విడిగా ఉన్నను, మొత్తముమీద మిషనరీ ఒకవైపు, దేశీయ సేవకుడు ఒకవైపు, మధ్య ఒక గోడ. జీతమిచ్చువాడు, పుచ్చుకొనువాడు. ఆజ్ఞ వ్రాయువాడు, అందుకొనువాడు. ఏండ్ల తరబడి కలిసి పనిచేసినను ఒకే బల్లయొద్ద భోజనము చేయరు, ఒకరి ఇంటికి ఒకరు పోరు. ఆస్తులను పేదలకిచ్చిరి, శరీరములను కాల్చబడుటకు అప్పగించిరి, దానికి వందనములు. ఇప్పుడు మాకు కావలసినది స్నేహితులు అనునది ఆయన విన్నపము.

సభ కలవరపడెను. అవమానము జరిగినదని కొందరు తలంచిరి. ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చెప్పవలసినదే అని మరికొందరు సంతోషించిరి. మేము ఈ ఘట్టమును మరల మరల ఆలోచించినప్పుడు ఒక సంగతి మాకు తోచెను. ఆయన డబ్బు అడిగియుండిన ఎవ్వరును నొచ్చుకొనియుండరు. అధికారము అడిగియుండిన కొందరు కోపగించినను, అది రాజకీయమని అర్థము చేసికొనియుందురు. స్నేహము అడుగగానే అందరికిని తగిలెను. డబ్బు పెట్టెలోనుండి తీసి ఇయ్యవచ్చును. స్నేహము ఇయ్యవలెనన్న మన కుర్చీ జరుపుకొనవలెను.

ఇచ్చట మా సొంత సంగతి ఒకటి చెప్పకపోయినయెడల ఈ వ్యాసము నిజాయితీ గలది కాదు. మేము చూచు పాస్టరేటులో పట్టణమునకు కొంచెము ఎడముగా ఒక చిన్న సంఘమున్నది. ఒక ఏడు కోత పండుగ వేలంపాట దినమును మార్చవలసివచ్చినది. జొన్నలు, పసుపు, కోళ్లు తెచ్చి అర్పించువారిలో ఎక్కువమంది ఆ సంఘమువారే. అయినను మేము స్వయముగా పోక ఒక చీటీ వ్రాసి పంపితిమి. వారు పాత దినముననే గంపలతో వచ్చి, తాళము వేసియున్న గుడిని చూచి, తిరిగిపోయిరి. మూడు నెలలు ఎవ్వరును ఆరాధనకు రాలేదు. చీటీ పంపితిమి గదా అని మేము కమిటీలో వాదించితిమి. చివరకు ఒక సాయంకాలము పోగా, అక్కడి ఒక ముసలమ్మ చీటీ మాటే ఎత్తలేదు. ఇన్నేండ్లలో అయ్యగారు తన ఇంట ఒక్కసారి నీళ్లు త్రాగలేదని మాత్రము చెప్పినది. మేము ఆమె వాకిట ప్రార్థన చేసిన దినములు ఎన్నియో ఉన్నవి. ప్రతిసారి నిలువబడియే చేసితిమి. ఎడిన్‌బరోలో కూర్చుండియున్న ఆ పెద్దమనుష్యులకు ఏమి తగిలెనో ఆ వాకిట మాకు తగిలెను. మేమును అజరయ్యగారివలె అడుగువారి వైపున ఉన్నామని అంతవరకు అనుకొనుచుంటిమి.

అజరయ్యగారి జీవితములో తరువాతి భాగము అందుకే ముఖ్యము. ఎడిన్‌బరోలో ఆయన క్రిందినుండి పైకి చూచి అడిగిరి. మూడేండ్లు తిరుగకమునుపే ఆయనే పైన కూర్చుండవలసివచ్చెను. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారు ఆయనను డోర్నకల్‌కు బిషప్పుగా చేయవలెనని పట్టుబట్టిరి. అభ్యంతరములు తెల్లవారినుండి మాత్రమే రాలేదు, మనవారినుండియు వచ్చెను. కులము చూచినవారును, అనుభవము చాలదన్నవారును ఉండిరి. అయినను 1912 డిశంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కతీడ్రల్‌లో ఆయన బిషప్పుగా ప్రతిష్ఠింపబడిరి. అప్పటికి వయస్సు 38. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పగుట అదే మొదలు. అది మొదలుకొని 1945లో మరణించువరకు ఒక అధ్యక్ష మండలమును ఏలిన భారతీయ ఆంగ్లికన్ బిషప్పు ఆయన ఒక్కరే. ముప్పది రెండేండ్లు ఒక్కడే. ఆ ఒంటరితనమును గూర్చి ఎవ్వరును వ్యాసములు వ్రాయరు.

మొదట చిన్నదిగా ఉన్న మండలము 1920 ప్రాంతమున పెద్దదాయెను. కృష్ణా, గోదావరి ప్రాంతముల సి.ఎం.ఎస్. సంఘములు చేరెను. ఆ సంఘములతోపాటు అక్కడి ఇంగ్లీషు మిషనరీలును ఒక భారతీయుని క్రిందికి వచ్చిరి. పరిపాలకులు వారి దేశమువారు, తమ బిషప్పు మాత్రము తాటితోపుల నాడారు. అలవాటు పడుట వారికి సులభము కాలేదు. అజరయ్యగారు ఎడిన్‌బరో మాటలను తీసి వారిమీద వేయవచ్చును గాని అట్లు చేయలేదు. వారితో కలిసి భుజించిరి, వారి సలహా అడిగిరి, అవసరమైనచోట తన మాటే నిలుపుకొనిరి. స్నేహమనగా అన్నిటికిని తలయూపుట కాదని ఆయన ఎరుగుదురు.

ఇంతకంటె కష్టమైన గోడ పల్లెలలో ఉండెను. ఆయన కాలమున క్రీస్తును అంగీకరించినవారిలో అత్యధికులు మాల, మాదిగ పల్లెలవారు. ఊరివారు ఇరువురిని దూరముంచిరి. ఇరువురును ఒకరినొకరు దూరముంచుకొనిరి. బావి వేరు, పొయ్యి వేరు, పెండ్లిళ్లు వేరు. ఒక పల్లెలో గుడి కట్టినయెడల రెండవ పల్లెవారు లోపలికి రాకపోవుట సాధారణము. ప్రభువు బల్లయొద్ద ఒకే పాత్ర అందరిది అని బిషప్పుగారు పట్టుబట్టిరి. తరతరముల అలవాటు ఒక్క ఆరాధనతో పోదు, ఈనాటికిని పూర్తిగా పోయినదని మేము చెప్పజాలము. కాని ఆయన కేవలము ఆజ్ఞ పంపి ఊరకుండలేదు. ఎడ్లబండిమీదను, సైకిలుమీదను పల్లె పల్లెకు పోయి, అక్కడ రాత్రులు గడిపి, దీపపు వెలుగులో వారితో కూర్చుండిరి. బాప్తిస్మమునకు ముందు నెలల తరబడి బోధ, తరువాత కఠినమైన క్రమశిక్షణ. త్రాగుడు, అప్పు, మురికి, రోగము ఇవన్నియు ఆయనకు ఆత్మసంబంధమైన సంగతులే. బీదవారికి క్రమశిక్షణ కష్టమని జాలిపడి నియమములు సడలించుట వారిని తక్కువగా చూచుటయే అని ఆయన భావము. పిడికెడు బియ్యము విడిచిపెట్టు బీద స్త్రీ కూడ సంఘమును పోషించునదే గాని సంఘముచేత పోషింపబడునది మాత్రమే కాదని నేర్పిరి. కొన్ని సమయములలో ఆయన కఠినత్వము ఎక్కువైనదని మాకు తోచును. అయితే గౌరవము లేని దయకంటె గౌరవముతో కూడిన కఠినత్వము మేలని ఆ పల్లెలవారే గ్రహించినట్లున్నది.

అన్బు అమ్మగారు లేకపోయినయెడల ఈ పనిలో సగము జరిగియుండదు. ఉపదేశులను సిద్ధపరచునప్పుడు భర్తకు మాత్రమే కాక భార్యకును చదువు చెప్పవలెనని డోర్నకల్‌లో ఏర్పాటు చేసిరి. పల్లెలో ఒక ఇంటి తలుపు తెరువవలసినది స్త్రీయే గదా. తాను చదువుకొన్న ఇంగ్లీషు, తన మాతృభాషయైన తమిళము రెండును ప్రక్కకు పెట్టి ఆమె పల్లె స్త్రీల నడుమ తెలుగులో పనిచేసిరి.

తెలుగువారి పాటలు, భజన, కోలాటము, జాతరవంటి సంఘ కూడికలు ఆరాధనకు తగినవే అని అజరయ్యగారు తలంచిరి. పరదేశపు వేషము వేసికొనక తమ వేషములోనే దేవుని ముందుకు రావచ్చునని చెప్పుట అదే. డోర్నకల్‌లోని ఎపిఫనీ కతీడ్రల్‌ను చూచినవారికి ఇది తెలియును. ఏండ్లకేండ్లు పట్టిన ఆ కట్టడము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. గుమ్మటములు, మీనారులు మసీదును తలపించును. స్తంభముల వరుస దేవాలయ మండపమును తలపించును. ఇంగ్లండు గుడిని తెచ్చి అడవిలో దించినట్లుండదు. మా మెదకు కతీడ్రల్ మరియొక విధమైన సౌందర్యము గలది, దానియందు మాకు గర్వమే. కాని పొరుగువారు పరాయితనము లేక తల యెత్తి చూచునది డోర్నకల్ కట్టడమేమో అని మేము అప్పుడప్పుడు అనుకొందుము.

పొరుగువారి మాట వచ్చినది గనుక మా జిల్లాలోని డిచ్‌పల్లి సంగతి చెప్పవలెను. స్కాట్లండు వైద్యురాలు ఇసబెల్ కెర్‌గారు 1911లో నిజామాబాదులో కుష్ఠరోగులకొరకు పని ఆరంభించిరి. స్థలము చాలకపోగా రాజా నర్సాగౌడుగారు అను హిందూ దాత ముందుకు వచ్చి ధనమిచ్చిరి. దానితో 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి ఏర్పడెను. డోర్నకల్‌లో అజరయ్యగారు పనిచేయుచున్న కాలమే అది. దాత మతము మారలేదు, వైద్యురాలు తన విశ్వాసమును దాచలేదు. ఒకరినొకరు నమ్మిరి, అంతే. మా పెద్దలు డిచ్‌పల్లిని గూర్చి చెప్పునప్పుడు ఇద్దరి పేర్లను కలిపియే చెప్పెడివారు.

అన్ని గోడలను అజరయ్యగారు దాటిరని చెప్పుట నిజము కాదు. 1930 తరువాతి సంవత్సరములలో గాంధీగారికిని ఆయనకును మధ్య మాట కుదరలేదు. అణగారినవారు క్రైస్తవులగుట గాంధీగారికి సమ్మతము కాదు. వారు మతవిషయములను వివేచించి నిర్ణయించుకొనగల స్థితిలో లేరని ఆయన తలంచిరి. అజరయ్యగారు ముప్పదేండ్లు ఆ ప్రజల నడుమ కూర్చుండినవారు. వారికి వివేకమున్నదని, ఎన్నుకొను హక్కున్నదని, వారి తరపున ఇతరులు నిర్ణయింపరాదని ఆయన దృఢముగా నమ్మిరి. ఇద్దరును దేశభక్తులే. క్రైస్తవులకు ప్రత్యేక నియోజక వర్గములు వద్దని, అవి సంఘమును రాజకీయ గుంపుగా చేసి పొరుగువారినుండి విడదీయునని వాదించినవారు అజరయ్యగారే. అయినను ఈ ఒక్క విషయములో ఇద్దరు గొప్పవారు ఒకరి మాట ఒకరికి చేరక నిలిచిపోయిరి. ఇందులో మా పక్షము అజరయ్యగారిదే. ఆ పల్లెలవారి మనుమలమై ఈ వ్యాసము వ్రాయుచున్న మేము వేరుగా ఎట్లు చెప్పగలము? కాని ఆ ఎడబాటు దుఃఖకరమైనదని కూడ చెప్పవలెను.

సంఘముల మధ్యనున్న గోడను గూర్చి ఆయన చివరివరకు పాటుపడిరి. 1919లో తరంగంబాడిలో కూడిన కొద్దిమంది గురువులు ఐక్యతకొరకు పిలుపునిచ్చినప్పుడు ఆయన వారిలో ముఖ్యులు. 1927లో లాసాన్ సభలోను, 1930లో ల్యాంబెత్ సభలోను అదే విన్నపము. పడమటి దేశములవారు తమ తగవులను తమవద్ద ఉంచుకొనవచ్చును గాని, ఆ తగవుల పేర్లు తెలియని పల్లె క్రైస్తవునిమీద వాటిని మోపుట పాపమని ఆయన వాదము. మన ప్రాంతమున మెథడిస్టు, ఆవలి జిల్లాలో ఆంగ్లికన్, పెండ్లి సంబంధము కలిసినప్పుడు ఏ గుడి అను ప్రశ్న. మా తాతల కాలమున ఇది ఇంటింటి సంగతి.

ఎడిన్‌బరో విన్నపమునకును ఈ విన్నపమునకును భేదము లేదు. రెండు చోట్లను ఎదుట కూర్చుండినవారు మంచివారే. రెండు చోట్లను ఆటంకము ద్వేషము కాదు, అలవాటు. ద్వేషముతో పోరాడుట కొంత సులభము, అది కనబడును. అలవాటుకు ముఖముండదు.

1945 జనవరి 1న, పల్లెల ప్రయాణమునుండి వచ్చి జ్వరపడి, అజరయ్యగారు డోర్నకల్‌లో కన్నుమూసిరి. వయస్సు డెబ్బది. కతీడ్రల్ ప్రక్కనే సమాధి చేసిరి. రెండేండ్ల తొమ్మిది నెలల తరువాత, 1947 సెప్టెంబరు 27న, మద్రాసు సెయింట్ జార్జి కతీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. డోర్నకల్‌వారును, మెదకు మండలమువారమైన మనమును ఆ దినముననే ఒకే సంఘమైతిమి. ఆయన చూడలేదు.

కోత పండుగ సంగతి జరిగిన తరువాత మేము ఆ చిన్న సంఘమునకు మరల పోయితిమి. ఈసారి ఆ ముసలమ్మ ఇంట పీటమీద కూర్చుండి జొన్నరొట్టెయు పచ్చిపులుసును తింటిమి. కరెంటు పోయినది. ఇరుగుపొరుగువారు వచ్చి కూర్చుండగా, ప్రసంగము చేయుటకు తోచక, అజరయ్యగారి కథను పైన వ్రాసినట్లుగానే చెప్పితిమి. ఎడిన్‌బరో, కలకత్తా, కేంబ్రిడ్జి అన్నియు విని వారు తలలూపిరి. ముసలమ్మ అడిగినది ఒక్కటే. ఆ అయ్యగారి భార్య కూడ తెలుగు నేర్చుకొన్నదా అని. నేర్చుకొన్నదని చెప్పితిమి. అయితే సరే అని ఆమె ఇంకొక రొట్టె వడ్డించినది.